గొంతు మూతపడే పీడనం

మన భాషలో "గురకపెట్టి నిద్రపోతున్నాడు" అంటే ఒళ్ళెరగకుండా హాయిగా నిద్రపోతున్నాడని అర్థం. ఇంట్లోవాళ్ళు కూడా "పాపం, అలిసిపోయి పడుకున్నాడు, లేపకండి" అంటారు. ఆ మనిషికి రాత్రంతా అసలు నిద్రే పట్టడం లేదేమోనని ఎవరికీ అనుమానం రాదు. గురక అంటే గొంతులో గాలి దారి ఇరుకైపోయి, అక్కడి మెత్తటి కండ గాలికి కొట్టుకుంటున్న చప్పుడు. ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగి, పది ఇరవై సెకన్లు ఏమీ వినపడక, తరవాత నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా ఒక్కసారి ఎగపీల్చి మళ్ళీ మొదలైతే, అది అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. ఆ నిశ్శబ్దంలో కూడా ఛాతీ కదులుతూనే ఉంటుంది, పొట్ట ఎగిసిపడుతూనే ఉంటుంది. గొంతు మూతపడింది కనక గాలి లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు కంగారుపడి మనిషిని ఒక్క క్షణం లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, మళ్ళీ నిద్ర, మళ్ళీ మూత. పొద్దున్న లేచాక ఇవేవీ గుర్తుండవు.

ఈ జబ్బు గురించీ, దానితో వచ్చే రక్తపోటు గురించీ డాక్టర్లు చాలామంది రాశారు. నేను డాక్టర్ని కాను. పైపుల్లో గాలీ నీళ్ళూ ఎలా పారతాయో లెక్కలు కట్టి బతికే మెకానికల్ ఇంజనీర్ని. నాకు ఈ జబ్బు ఉంది. పరీక్ష చేసినప్పుడు నాకు మింగుడుపడనిది ఒక్కటే: రాత్రంతా నా ఒంటి నిండా తీగలు అంటించి, తెల్లారాక నా చేతిలో పెట్టినది ఒకే ఒక్క అంకె.

ఆ అంకె పేరు ఎ.హెచ్.ఐ. నిద్రలో ఎన్నిసార్లు ఊపిరి పూర్తిగా ఆగింది, ఎన్నిసార్లు బాగా తగ్గింది అన్నది లెక్కపెట్టి, నిద్రపోయిన గంటలతో భాగిస్తే వచ్చేది. కనీసం పది సెకన్లు ఉంటేనే లెక్కలోకి వస్తుంది. 5 లోపు మామూలు, 15 దాకా కొద్దిపాటిది, 30 దాకా మధ్యరకం, ఆపైన తీవ్రం. "బాగా తగ్గడం" అంటే ఏమిటన్న దాని మీద కూడా రెండు పద్ధతులున్నాయి. ఆక్సిజన్ 3 శాతం పడినా, మెలకువ వచ్చినా లెక్కపెట్టాలని ఒకటి; 4 శాతం పడితేనే లెక్కపెట్టాలని ఇంకొకటి. అమెరికాలో మెడికేర్‌ది రెండోది. అంచేత ఒకే మనిషికి, ఒకే రాత్రికి రెండు అంకెలు రావచ్చు.

ఇది నాకెందుకు పట్టిందంటే, మా బావగారికి కూడా ఇదే జబ్బు. నా అంకె 32, ఆయనది 31. ఇద్దరికీ ఒకటే వైద్యం రాశారు: రాత్రిపూట ముక్కుకి మాస్కు, దాంట్లోకి గాలి ఊదే సీపాప్ యంత్రం. మొదటి వారంలోనే నాకు హైస్కూలు రోజుల నాటి నిద్ర తిరిగొచ్చింది. ఆయన మాత్రం అర్ధరాత్రి దాటేసరికి మాస్కు లాగి అవతల పారేసేవారు. నేను కాస్త భారీ మనిషిని. ఆయన వెదురుబొంగులా ఉంటారు. రోజూ పోనూ రానూ ఎనభై మైళ్ళు కారు నడుపుతారు, ఓసారి హైవే మీద కునుకుపట్టి పక్క లేన్‌లోకి వెళ్ళి వచ్చారు. "మాస్కు పెట్టుకోవాలి, అలవాటు చేసుకోండి" అన్నదే ఆయనకి దొరికిన సలహా. మా అక్కయ్య కూడా ఆయనదే తప్పన్నట్టు దెప్పుతూ ఉండేది. ఒకే అంకె, ఒకే వైద్యం, ఫలితాలు మాత్రం ఇలా ఎందుకున్నాయి? ఎ.హెచ్.ఐ.ని ఎంత తిప్పి చూసినా జవాబు దొరకదు. వానాకాలంలో ఇల్లు ఎన్నిసార్లు కారిందో చెబితే, పెంకు పగిలిందో గోడ బీటవారిందో తెలుస్తుందా?

గొంతుని గొంతుగా కొలవాలి. అంటే ఊపిరి ఎన్నిసార్లు ఆగిందని కాదు, ఆ గొట్టం ఎంత తేలిగ్గా మూతపడుతుందని.

ముక్కు లోపలి దారికి చుట్టూ ఎముక ఉంది. కింద శ్వాసనాళానికి మృదులాస్థి వలయాలున్నాయి. రెంటికీ మధ్య ఓ అయిదంగుళాల మేర అలాంటి ఊతం ఏదీ లేదు. ఉంటే మనం మింగలేం, మాట్లాడలేం. మెలకువగా ఉన్నప్పుడు చుట్టూ ఉన్న కండరాలు, ముఖ్యంగా నాలుకని ముందుకి లాగి పట్టే పెద్ద కండరం, ఆ దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రపట్టగానే కండరాల పట్టు సడలుతుంది. కాగితపు స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగేవాళ్ళకి ఇది కొత్త కాదు. స్ట్రా నానిపోయాక గట్టిగా పీలిస్తే నీళ్ళు రావు, స్ట్రా చప్పిడైపోతుంది.

మెత్తటి గొట్టంలో ప్రవాహానికి ఓ విచిత్రమైన గుణం ఉంది. 1912 ప్రాంతంలో లండన్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ గుండె మీద ప్రయోగాలు చేస్తూ, ఒక గట్టి పెట్టెలో మెత్తటి రబ్బరు గొట్టాన్ని అమర్చి, దాని చుట్టూ పీడనాన్ని మార్చి ప్రవాహాన్ని అదుపు చేశాడు. దాన్నే స్టార్లింగ్ రెసిస్టర్ అంటారు. దాంట్లో కింది చివర పీడనం ఒక హద్దు దాటి తగ్గాక, ఇంకెంత తగ్గించినా ప్రవాహం పెరగదు. ప్రవాహాన్ని శాసించేది పై చివర పీడనానికీ, గొట్టం చుట్టూ ఉన్న పీడనానికీ మధ్య తేడా మాత్రమే.

మనవాళ్ళకి దీన్ని ధవళేశ్వరం లెక్కలో చెప్పడం తేలిక. కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్టని తలుచుకోండి. ఆనకట్ట మీంచి ఎన్ని నీళ్ళు పొర్లుతాయన్నది ఎగువన గోదావరి మట్టం ఆనకట్ట తల కన్నా ఎంత ఎత్తున ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. దిగువన ఏటిలో నీళ్ళు మోకాటి లోతున్నాయా, పాదం లోతున్నాయా అన్నదానితో పొర్లే నీటికి పని లేదు. గొంతులో ఎగువ అంటే ముక్కు, దిగువ అంటే ఊపిరితిత్తులు. నిద్రలో ఎంత గింజుకుని పీల్చినా గాలి పెరగకపోవడానికి కారణం ఇదే. పాపం ఛాతీ దిగువన కూచుని లాగుతోంది. ఈ పోలిక నా సొంతం కాదు. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్‌కి చెందిన సాల్బర్ట్ పెర్మట్ 1962లో ఊపిరితిత్తుల రక్తనాళాలకి జలపాతం పోలిక వాడాడు. పాతికేళ్ళ తరవాత అక్కడే ఫిలిప్ స్మిత్, ఆలన్ ష్వార్ట్జ్, పెర్మట్ కలిసి అదే ఆలోచనని గొంతు మీదికి తెచ్చారు. జలపాతాన్ని ఆనకట్ట చెయ్యడం ఒక్కటే నా పని.

గొంతు విషయంలో ఆనకట్ట ఎత్తుకి ఇంగ్లీషులో క్రిటికల్ క్లోజింగ్ ప్రెషర్ అని పేరు, పొట్టిగా పీ-క్రిట్. దీనికి సంస్కృతంలో నోరు తిరగని మాట ఒకటి తయారుచేస్తే చదివేవాళ్ళ గొంతు మూతపడుతుంది కనక నేను మూత పీడనం అంటాను. ముక్కు దగ్గర పీడనం ఇంతకు తగ్గితే గొంతు పూర్తిగా మూసుకుపోతుంది, అదీ దాని అర్థం. కొలిచేది సెంటీమీటర్ల నీటిలో. గ్లాసు నీళ్ళలో స్ట్రాని పది సెంటీమీటర్లు ముంచి బుడగలు వచ్చేలా ఊదండి. మీరు ఊదినది పది సెంటీమీటర్ల పీడనం. వాతావరణ పీడనంలో అది నూటికో వంతు. గొంతు బతుకంతా ఈ కొద్దిపాటి పీడనాల మధ్యే.

1988లో హాప్‌కిన్స్ వాళ్ళు రెండు వ్యాసాలు ప్రచురించారు. ఒక దాంట్లో జబ్బు లేనివాళ్ళని నిద్రపుచ్చి ముక్కుకి మాస్కు పెట్టి, గాలి ఊదడానికి బదులు బయటికి లాగారు. సుమారు మైనస్ 13 సెంటీమీటర్ల దగ్గర వాళ్ళ గొంతులు మూతపడ్డాయి, వాళ్ళకి కూడా ఊపిరి ఆగింది. అంటే జబ్బు లేని గొంతు అంటూ ఏదీ లేదు, ఎంత లాగితే మూతపడుతుందన్నదే తేడా. రెండో వ్యాసంలో రోగులు. వాళ్ళ మూత పీడనం సగటున సున్నాకి పైన, సుమారు 3. మన చుట్టూ ఉన్న గాలిని సున్నా అనుకుంటే, ఆ గొంతు నిద్రలో తనంతట తనే మూసుకుపోతుందన్నమాట. తరవాత ఇదే బృందం నడుమ ఉన్నవాళ్ళని కూడా కొలిచింది. ఉత్త గురక వాళ్ళది సుమారు మైనస్ 6.5, ఊపిరి తగ్గేవాళ్ళది మైనస్ 1.6 దగ్గర, పూర్తిగా ఆగేవాళ్ళది 2.5 దగ్గర. గురక నుంచి ఆప్నియా దాకా ఒకే మెట్లదారి.

సీపాప్ ఎందుకు పనిచేస్తుందో కూడా దీంతో తేటపడుతుంది. సిడ్నీలో కోలిన్ సలివాన్ 1981లో అయిదుగురు రోగుల మీద దీన్ని మొదటిసారి వాడినప్పుడు 4.5 నుంచి 10 సెంటీమీటర్ల పీడనం సరిపోయింది. మాస్కు చేసేది ఎగువ మట్టాన్ని పెంచడం. ఆనకట్ట ఎత్తు అలాగే ఉంటుంది, యంత్రం తీసేస్తే ఆ రాత్రే జబ్బు తిరిగొస్తుంది. బరువు తగ్గడం అలా కాదు, ఆనకట్ట తలనే దించుతుంది. 1991లో ష్వార్ట్జ్ బృందం బరువు బాగా తగ్గిన రోగులని మళ్ళీ కొలిస్తే మూత పీడనం సుమారు 3 నుంచి మైనస్ 2.4కి దిగింది. 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్.డి.ఏ. టిర్జెపటైడ్ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్‌ని స్థూలకాయంతో పాటు ఆప్నియా ఉన్నవాళ్ళకి అనుమతించింది. అది కూడా ఈ దారే.

మా దగ్గర్లో ఒక విశ్వవిద్యాలయం ఈ కొలతల కోసం మనుషులు కావాలని ప్రకటిస్తే బావగారూ నేనూ పేర్లిచ్చాం. పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే మామూలు నిద్ర పరీక్షకీ దీనికీ పోలిక లేదు. తల మీద తీగలు మామూలే. ముక్కు మీద బిగుతైన మాస్కు, దాని మూతికి గాలి వేగాన్ని కొలిచే మీటరు. ముక్కులోంచి ఒక సన్నటి గొట్టం గొంతు వెనక్కి దింపారు, లోపల ఎంత గట్టిగా లాగుతున్నామో తెలియడానికి. వెల్లకిలా పడుకోవాలి, పక్కకి తిరిగితే మూత పీడనం తగ్గిపోతుంది. ఇంత తంతు మధ్య నిద్ర ఎలా పడుతుందనుకున్నాను కాని, ఆప్నియా ఉన్నవాడికి ఎక్కడైనా పడుతుంది.

గాఢంగా నిద్రపట్టాక నాకు సరిపడే 13 సెంటీమీటర్ల పీడనంలో ఉంచి, ఉన్నట్టుండి 8కి దించుతారు. అయిదు ఊపిర్లు చూసి మళ్ళీ 13. కాసేపాగి 6కి. తరవాత 4కి. ప్రతిసారీ గాలి వేగపు గీతని చూస్తారు. మామూలు ఊపిరి గీత గోపురంలా గుండ్రంగా ఉంటుంది. గొంతు అడ్డుపడ్డప్పుడు ఆ గోపురం తల కోసేసినట్టు చదునైపోతుంది. మనిషి ఎక్కువ పీలుస్తున్నాడు, గాలి మాత్రం ఓ హద్దు దగ్గర ఆగిపోయింది. అలా చదునైన ఊపిర్లనే లెక్కకి తీసుకుంటారు. నాకు 8 దగ్గర సెకనుకి 300 మిల్లీలీటర్లు, 6 దగ్గర 200, 4 దగ్గర 100 వచ్చాయి. గ్రాఫు కాగితం మీద మూడు చుక్కలూ కలిపి గీత కిందికి పొడిగిస్తే సున్నాని తాకేది 2 దగ్గర. నా మూత పీడనం అదీ. నిజం చుక్కలు ఇంత బుద్ధిగా ఒక గీత మీద కూచోవు, నేను అంకెలు సరిచేసి రాస్తున్నాను.

పీడనాన్ని ఉన్నట్టుండి దించడంలో కిటుకుంది. కండరాలకి మేలుకునే వ్యవధి ఇవ్వరు. కనక తేలేది ఎముక, కండ, కొవ్వు కలిసిన ఉత్త గొట్టం బలం. తరవాత అదే పీడనాన్ని మెల్లగా, నిమిషాల తరబడి దించుతారు. అప్పుడు నాలుక కండరం రంగంలోకి దిగి ముందుకి లాగుతుంది. రెండోసారి నా అంకె మైనస్ 1. ఆ మూడు సెంటీమీటర్లూ నా కండరాల కష్టార్జితం. ఇదే పని జపాన్‌లోని చిబాలో షిరోహ్ ఇసోనో బృందం ఇంకా కచ్చితంగా చేసింది. మత్తిచ్చి కండరాలని పూర్తిగా సడలించి, గొంతుని లోపల్నుంచి చూస్తూ కొలిచి 1997లో ప్రచురించారు. కండరాల సాయం తీసేసినా జబ్బున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ తేడా అలాగే నిలిచింది. కనక మొదటి దోషం గొట్టానిదే. దవడ అనే డబ్బా చిన్నదైనా అంతే, లోపలి సరుకు ఎక్కువైనా అంతే. సన్నగా ఉన్నవాళ్ళకి ఈ జబ్బు రాదనుకోవడం అందుకే పొరపాటు.

మరి బావగారు? ఆయన మూత పీడనం మైనస్ 3. ఆనకట్ట నా దానికన్నా అయిదు సెంటీమీటర్లు పల్లం. అయినా అంకె మాత్రం 31! ఆయన గొంతు ఇరుకవుతుంది కాని పూర్తిగా మూతపడేది అరుదు. అసలు తంటా మెదడుది. లోపల లాగుడు కొంచెం పెరిగితే చాలు, మేలుకుంటారు. నేను దానికి రెండింతలకి పైగా గింజుకుంటే గాని మేలుకోను. మేలుకోగానే ఆయన ఊపిరి జోరందుకుంటుంది, మళ్ళీ నిద్రపట్టి గొంతు సడలుతుంది, మళ్ళీ ఇరుకు. కండరాలు సర్దుకునేందుకు కావలసిన వ్యవధి ఆ నిద్రలో లేదు. మాస్కు కాస్త జారినా, గాలి కంట్లోకి కొట్టినా లేచిపోయే మనిషికి అలవాటు చేసుకోమని చెప్పి ఏం లాభం? మా అక్కయ్య దెప్పడం మానేసింది.

2013లో డానీ ఎకర్ట్, ఆండ్రూ వెల్‌మన్ తదితరులు ఇలాంటి లెక్క ఒకటి ప్రచురించారు. 57 మంది రోగులని కొలిస్తే సుమారు 19 శాతం మంది గొంతులు మరీ మెత్తనివి కావు, జబ్బు లేనివాళ్ళలో చాలామందికి ఉన్నలాంటివే. మూడో వంతుకి పైగా మందిలో నాలుక కండరం సరిగా స్పందించదు, దాదాపు అంతే మంది మరీ తేలిగ్గా మేలుకుంటారు, ఇంకా దాదాపు అంతే మందికి ఊపిరిని నడిపే అదుపు అతిగా స్పందిస్తుంది. ఈ చివరిది మా మేడ మీది స్నానాలగది లాంటిది. వేడినీళ్ళు ఆలస్యంగా వస్తాయి, చల్లగా ఉందని ఇంకా తిప్పుతాం, ఒళ్ళు కాలుతుంది, ఇటు తిప్పుతాం, వణుకు. ఒకే మనిషిలో వీటిలో రెండు మూడు కలిసి ఉండొచ్చు.

ఇంత పరీక్ష ఊళ్ళో అందరికీ చెయ్యడం అయ్యే పని కాదు. అందుకని చవకైన కొలతల కోసం ఎప్పటినుంచో వెతుకులాట. అన్నిట్లోకీ చవకైనది మన తెలుగువాడి పేరు మీద ఉంది. గుంటూరు జిల్లాలో పుట్టి, బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు గారు 1985లో 210 మంది రోగుల మీద చూసి చెప్పిన పద్ధతి అది. కూచుని, నోరు బాగా తెరిచి, "ఆ" అనకుండా నాలుక బయట పెట్టాలి. కొండనాలుకా, దాని పక్క స్తంభాలూ కనిపిస్తే ఒకటో తరగతి. మెత్తటి అంగిలి తప్ప మరేమీ కనపడకపోతే మూడు. గట్టి అంగిలి మాత్రమే కనిపించే నాలుగో తరగతిని 1987లో వేరేవాళ్ళు చేర్చారు. ఆయన ఉద్దేశం ఆపరేషన్‌కి ముందు గొంతులో గొట్టం వెయ్యడం కష్టమవుతుందా అని ఊహించడం. 2006లో ఒక బృందం దాన్నే ఆప్నియాకి పెట్టి చూస్తే, ఒక్కో తరగతి పెరిగేకొద్దీ జబ్బు ఉండే అవకాశం రెట్టింపు దాటింది. మెలకువలో చూసే చూపు కనక నిద్రలో గొంతు ఏం చేస్తుందో అది చెప్పదు. నాది నాలుగో తరగతి, బావగారిది మూడు.

మూత ఎంత పీడనం దగ్గర పడుతుందన్నది ఒక ప్రశ్నయితే, ఎక్కడ పడుతుందన్నది ఇంకొకటి. మత్తుమందుతో నిద్రలాంటి స్థితి తెప్పించి, ముక్కులోంచి సన్నటి కెమెరా దింపి చూసే పద్ధతి 1991 నుంచీ ఉంది. అంగిలి వెనకా, పక్క గోడలా, నాలుక మొదలా, కొండనాలుక కింద ఉండే ఉపజిహ్వికా అన్నది కళ్ళారా చూస్తారు. ఇది చూడకుండా కత్తి పెడితే ఏమవుతుందో మన సామెతే చెబుతుంది: కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందట. కొండనాలుకనీ మెత్తటి అంగిలినీ కోసి సరిచేసే శస్త్రచికిత్స ఒకటి 1980ల నుంచీ విరివిగా చేశారు. 1996లో అప్పటిదాకా వచ్చిన ఫలితాలన్నీ కలిపి చూస్తే గెలిచినది సుమారు 41 శాతం. నాలుక మొదట్లో మూతపడే గొంతుకి అంగిలి కోసి ప్రయోజనమేముంది? ఛాతీలో చిన్న పరికరం పెట్టి నాలుక నరాన్ని తట్టే వైద్యానికి ఎఫ్.డి.ఏ. 2014 ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చింది. దాని ప్రయోగాల్లో అయితే, అంగిలి దగ్గర అన్ని వైపులనుంచీ సంచి మూతి బిగిసినట్టు మూసుకునేవాళ్ళని కెమెరాతో ముందే చూసి పక్కన పెట్టారు.

ఆసుపత్రికి వెళ్ళకుండానే ఓ అంచనా మీ చేతిలో ఉండొచ్చు. ఆస్ట్రేలియాలో లాండ్రీ బృందం 2017లో ప్రచురించిన దాని ప్రకారం, రోగికి సరిపడే సీపాప్ పీడనం 8 సెంటీమీటర్లు గాని అంతకన్నా తక్కువ గాని అయితే, ఆ గొంతు పెద్దగా మెత్తనిది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఎగువన కొంచెం ఎత్తితేనే పారిందంటే ఆనకట్ట పల్లంగా ఉన్నట్టే. నా యంత్రం 13 దగ్గర స్థిరపడింది. బావగారిది 7 దగ్గర. ఆ అంకె మొదటి నెల నుంచీ యంత్రం తెర మీద కనపడుతూనే ఉంది, ఎవరూ దాన్ని ఆ దృష్టితో చూడలేదు. ఈ కాగితాలన్నీ పట్టుకుని వేరే డాక్టరు దగ్గరికి వెళితే, కింది దవడని ముందుకి జరిపి పట్టుకునే పళ్ళ పరికరం చేయించారు. మరీ మెత్తబడని గొంతులకి అది బాగా పనిచేస్తుందని ఆయన అన్నారు. పరికరం పెట్టుకుని మళ్ళీ పరీక్ష చేస్తే బావగారి అంకె 9. పొద్దున్నే దవడ నొప్పని సణుగుతారు గాని, కారులో ఇప్పుడు పాటలు వింటారు. అంతకుముందు నిద్ర ఆపుకోవడానికి బిగ్గరగా తనే పాడుకునేవారు.

మామూలు నిద్ర పరీక్ష రికార్డు నుంచే ఈ లక్షణాలన్నీ లెక్కకట్టే పద్ధతులని కూడా బ్రిగమ్‌లోనే స్కాట్ సాండ్స్, వెల్‌మన్ బృందం తయారుచేసింది. గాలి వేగపు గీతలో ప్రతి ఆటంకానికి ముందూ వెనకా ఊపిరి ఎలా మారిందో చూసి గొట్టం బలం, కండరాల సాయం, మెలకువ హద్దు అంచనా వేస్తారు. దానికి ముడి రికార్డు కావాలి, అంకె ఒక్కటీ ఉంటే చాలదు. బావగారి మొదటి పరీక్ష చేసినచోట ఎంత అడిగినా రెండు పేజీల సారాంశమే పంపారు. మీరు గాని, మీ ఇంట్లోవాళ్ళు గాని పరీక్షకి వెళితే ఇ.డి.ఎఫ్. ఫైలు కావాలని ముందే అడిగి రాయించుకోండి. ఇంట్లో చేసే పరీక్ష అయితే గాలి వేగపు గీత అసలు నమోదవుతుందో లేదో కనుక్కోండి. వేలికి తొడిగే కొన్ని పరికరాలు నాడి తీరునీ ఆక్సిజన్‌నీ చూసి అంకె చెబుతాయి. వాటిలో ఆ గీత ఉండదు.